కొత్తగా వచ్చిన ఎస్సై ఊరి నమ్మకం సంపాదించుకోవడం ఎలా?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోని ఏదో ఒక గ్రామీణ పోలీసు స్టేషన్‌లో కొత్తగా బాధ్యతలు తీసుకున్న ఎస్సైని దృష్టిలో పెట్టుకుని ఈ వ్యాసం రాస్తున్నాను. ప్రజలతో కలిసి పనిచేయడం గురించి పై అధికారులు మీకు ఇప్పటికే చెప్పి ఉంటారు. మైత్రీ సంఘాలు, అవగాహన సదస్సులు, ర్యాలీలు, విద్యార్థులతో ముఖాముఖి వంటి కార్యక్రమాల జాబితా కూడా మీ బల్ల మీదికి వచ్చి ఉంటుంది. అవన్నీ అవసరమైనవే, కానీ వాటితో మొదలుపెట్టవద్దని నా సలహా. ఫిర్యాదు పట్టుకుని స్టేషన్‌కు వెళ్లి వచ్చిన మనిషి ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర ఏం చెబుతాడో, పోలీసుల మీద ఊరి అభిప్రాయం దాన్నిబట్టే ఏర్పడుతుంది. అందుచేత ముందు స్టేషన్ లోపల సరిచేసుకుని, ఆ తరువాతే ఊళ్లలోకి వెళ్లాలి.

ముందు స్టేషన్ గుమ్మం

బాధ్యత తీసుకున్న మొదటి రెండు మూడు రోజుల్లో ఒక గంటసేపు యూనిఫాం లేకుండా స్టేషన్ బయట, చెట్టు కిందనో గోడ పక్కనో నిలబడి చూడండి. వచ్చినవారు ఎక్కడ ఆగుతున్నారు, సెంట్రీ వారిని ఏమని పలకరిస్తున్నాడు, చంటిబిడ్డతో వచ్చిన ఆమెకు కూర్చోవడానికి చోటు ఉందా, మంచినీళ్లు ఉన్నాయా అన్నవి గమనించండి. మన పల్లెల్లో స్టేషన్ మెట్లు ఎక్కడమే పరువు తక్కువ అనుకునే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి ఇంటి నుంచి ఒకరు వచ్చారంటే, ఆ గుమ్మం దాకా రావడానికే వారు ఎంతో కూడగట్టుకుని ఉంటారు. అక్కడ వినిపించే మొదటి మాట “ఏంది, ఎందుకొచ్చావు?” అయితే ఆ తరువాత మీరు ఎంత మర్యాదగా మాట్లాడినా ఆ నొప్పి పోదు.

రిసెప్షన్‌లో కూర్చునే వ్యక్తిని మీరే ఎంచుకోండి. మిగతా పనులకు పనికిరాడని ఎవరినో ఒకరిని అక్కడ కూర్చోబెట్టే అలవాటు చాలా చోట్ల ఉంది. నిజానికి ఓపిక, జ్ఞాపకశక్తి ఎక్కువగా ఉన్నవారు కావలసింది అక్కడే. వీలైతే మహిళా కానిస్టేబుల్‌ను పెట్టండి. నేర విచారణ పద్ధతికి సంబంధించిన కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత 37వ సెక్షన్ ప్రకారం, అరెస్టయిన వారి వివరాలు చూసే బాధ్యత ప్రతి స్టేషన్‌లోనూ ఏఎస్సై స్థాయికి తగ్గని ఒక అధికారికి ఉండాలి. ఆ వివరాలు అందరికీ కనిపించేలా ప్రదర్శించాలి కూడా. ఈ బోర్డు తాజాగా ఉంటే, కొడుకును తీసుకెళ్లారని పరుగెత్తుకొచ్చిన తల్లికి ఎవరినీ బతిమాలే అవసరం రాదు.

ఫిర్యాదు చేతికి వచ్చినప్పుడు

ఈ భాగం మీద ఎక్కువ సమయం పెట్టండి, ఎందుకంటే మిగతా పనులన్నీ దీని మీదే నిలబడి ఉన్నాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కొండపి వైపు పొగాకు పండించే ఒక పెద్దాయన ఉదయం పొలానికి వెళ్లేసరికి బోరు దగ్గర మోటారు కేబులు కోసుకుపోయి ఉంది. ఆయన స్టేషన్‌కు వస్తూ, మాట సాయానికని ఊళ్లోని ఒక నాయకుణ్ణి వెంటబెట్టుకుని వస్తాడు. ఇక్కడ మీరు చేయవలసిన మొదటి పని, నాయకుణ్ణి మర్యాదగా బయట కూర్చోమని చెప్పి, ఫిర్యాదుదారుతో విడిగా మాట్లాడడం. “పెద్దాయనా, ముందు కూర్చోండి. పోయింది కేబులొక్కటేనా, స్టార్టరు కూడా పోయిందా? ఆఖరుసారి ఎప్పుడు చూసుకున్నారు? చుట్టుపక్కల ఇంకెవరి బోరు దగ్గరైనా ఇలా జరిగిందా?” అని అడగండి. పైరవీ లేకుండా వచ్చినా ఇక్కడ పని జరుగుతుందని ఆయనకు అర్థమైతే, రేపు ఆయన ఎదురింటివాడు ఒక్కడే వస్తాడు. దీనివల్ల ఆ నాయకుడికి మొదట్లో కొంత కష్టంగా తోచవచ్చు, అయినా ఈ నియమాన్ని ఏ పార్టీవారికీ సడలించకండి.

తరువాత, ఫిర్యాదును రాతలో పెట్టండి. నోటితో చెప్పినదాన్ని రాసి, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకోవాలని అదే సంహితలోని 173వ సెక్షన్ చెబుతోంది. చదివి వినిపించడాన్ని స్టేషన్ రాతపని చూసే రైటర్లు చాలామంది లాంఛనంగా భావించి వదిలేస్తారు, మీరు మాత్రం వదలనివ్వకండి. ఎఫ్ఐఆర్ నమోదైతే దాని నకలును ఉచితంగా చేతికివ్వాలి. నేరం మీ పరిధిలో జరగలేదన్న కారణంతో తిప్పి పంపకూడదు. జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేసి సంబంధిత స్టేషన్‌కు పంపాలి. కావలి దగ్గర రైల్లో బ్యాగు పోగొట్టుకున్న ప్రయాణికుణ్ణి, జాతీయ రహదారి మీద రెండు మండలాల సరిహద్దులో ప్రమాదానికి గురైన వారి బంధువులను ఈ స్టేషన్ నుంచి ఆ స్టేషన్‌కు తిప్పడం ఎంత చేటు చేస్తుందో మీకు తెలియనిది కాదు. మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండానే పోలీసులు దర్యాప్తు చేయదగిన నేరం జరిగినట్టు ఫిర్యాదు చెబుతుంటే ఎఫ్ఐఆర్ నమోదు తప్పనిసరి అని సుప్రీంకోర్టు లలితా కుమారి కేసులో 2013లోనే స్పష్టం చేసింది. 2024 జులై 1 నుంచి అమలవుతున్న కొత్త చట్టం మూడేళ్లకు తగ్గకుండా, ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాలలో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లోగా ప్రాథమిక విచారణ జరుపుకునే వీలు కల్పించింది. ఆ వెసులుబాటును ఫిర్యాదును నాన్చడానికి సాకుగా వాడకండి. వాడిన రోజు ఏ తేదీకల్లా ముగిస్తారో ఫిర్యాదుదారుకు చెప్పండి.

ఇప్పుడు కేబులు దగ్గరికి మళ్లీ వద్దాం. పోయిన వస్తువు విలువ 5,000 రూపాయల లోపైతే, కొత్త చట్టం ప్రకారం ఆ దొంగతనంలో మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా మీరు దర్యాప్తు చేయలేరు. రైతుకు ఈ సంగతి తెలియదు. “ఇది మా వల్ల కాదు” అని ఒక్కమాట చెప్పి పంపితే, డబ్బు ముట్టనందుకే కదలలేదని ఆయన అనుకుంటాడు, ఊరంతా అదే అనుకుంటుంది. అందుకని వివరంగా చెప్పండి. వివరాన్ని పుస్తకంలో నమోదు చేసి, ఆ నమోదు తేదీ, నంబరు ఒక కాగితం మీద రాసివ్వండి. మేజిస్ట్రేటు దగ్గరికి ఎలా వెళ్లాలో చెప్పండి. కేబులుతోపాటు స్టార్టరు కూడా పోయి విలువ 5,000 దాటితే ఉన్న విలువను ఉన్నట్టే రాయండి, కేసు తప్పించుకోవడానికి విలువ తగ్గించి రాయించడం మీ స్టేషన్‌లో జరగకూడదు. దర్యాప్తుకు అనుమతి కావాలి కానీ నివారణకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. కేబుళ్లు పోయిన బోర్లన్నిటినీ ఒక మండల పటం మీద గుర్తించి, ఆ పొలాల దారుల్లో రాత్రి గస్తీ పెంచండి. పాత రాగి కొనే దుకాణాలను పలకరించి రండి. మా బోరు దగ్గరికి రాత్రి పోలీసు బండి వచ్చిందన్న మాట పొలాల్లో చాలా త్వరగా పాకుతుంది.

దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు తెలియజేయాలని 193వ సెక్షన్ చెబుతోంది. మన పల్లెల్లో 90 రోజుల మౌనం చాలా ఎక్కువ. 15 రోజులకొకసారి ఫోన్ చేయించండి. “ఇంకా దొరకలేదు, ఫలానా చోట వాకబు చేశాం” అన్నది కూడా జవాబే. దీనికోసం ఒక విడి పుస్తకం పెట్టండి. ఫిర్యాదుదారు పేరు, ఎవరు ఏ తేదీన మాట్లాడారు, ఏం చెప్పారు అన్న మూడు గళ్లు చాలు. వారానికోసారి ఆ పుస్తకాన్ని మీరే చూడండి.

గట్టు తగాదాలు, దారి తగాదాలు, అప్పు గొడవలు మీ దగ్గరికి రోజూ వస్తాయి. వాటిని స్టేషన్‌లో పంచాయితీ చేసి తీర్చాలన్న ఒత్తిడి ఇరువైపుల నుంచీ ఉంటుంది. మీరు ఎంత న్యాయంగా తీర్చినా ఓడిన పక్షం మిమ్మల్ని అవతలివాళ్ల మనిషిగానే చూస్తుంది. హద్దుల విషయం రెవెన్యూ సర్వేకు, మిగతావి మండల న్యాయ సేవా సంఘానికి, లోక్ అదాలత్‌కు దారి చూపండి. ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబరును గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. కొట్లాట జరిగే ప్రమాదం ఉన్నంత మేరకు మాత్రమే మీరు కల్పించుకోండి.

బీటు కానిస్టేబుల్‌కు ఊరు తెలియాలి

తమిళనాడులో 1993లో రామనాథపురంలో మొదలైన ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్, కేరళలో 2008లో మొదలైన జనమైత్రి, ప్రజలతో కలిసి పనిచేసే పోలీసు పథకాలుగా దక్షిణాది రాష్ట్రాల అనుభవాలు. జనమైత్రి నుంచి మనం తీసుకోదగిన అంశం ఒకటుంది. అక్కడ బీటు అధికారి తన పరిధిలోని ఇళ్లకు స్వయంగా వెళ్లి కుటుంబాలతో పరిచయం పెంచుకోవడాన్ని పథకానికి ఆధారంగా పెట్టుకున్నారు. మీ దగ్గర సిబ్బంది తక్కువ ఉంటారు, బందోబస్తులకు సగం మంది పోతారు. కాబట్టి ఉన్నవారిలో ఒక్కొక్కరికి రెండు మూడు ఊళ్లు మాత్రమే అప్పగించి, నెలనెలా మార్చకుండా కనీసం ఏడాది పాటు ఆ ఊళ్లకే పంపండి. ఒంటరిగా ఉండే ముసలివాళ్లు, పిల్లలు ఊళ్లో లేని ఇళ్లు, తాగి రోజూ గొడవ చేసే ఇల్లు, బడి మానేసి తిరుగుతున్న కుర్రాళ్లు ఎక్కడున్నారో అతను చూడకుండా చెప్పగలగాలి. గ్రామ సచివాలయంలోని మహిళా సంరక్షణ కార్యదర్శికి ఈ సంగతులు చాలావరకు తెలిసే ఉంటాయి. ఆమెను సర్వేలకూ బందోబస్తుకూ వాడుకోవడం తగ్గించి, ఆమె చెప్పేది వారానికోసారి కూర్చుని వినండి.

చీమకుర్తి గ్రానైట్ క్వారీల వంటి చోట్ల ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కూలీలు ఉంటారు. భాష రాక వారు స్టేషన్‌కు రారు, వారి మీద దౌర్జన్యం జరిగినా బయటికి పొక్కదు. ఆ పరిధిలో హిందీ మాట్లాడగల ఒక కానిస్టేబుల్ నంబరును షెడ్ల దగ్గర రాయించడం చిన్న పనే, ఈ వారమే చేయవచ్చు.

కమిటీలో ఎవరుండాలి

స్టేషన్ లోపల పని కుదురుకున్నాక, అంటే రెండు మూడు నెలల తరువాత, ఊరి కమిటీ సంగతి చూడండి. పేర్లు ఇమ్మని అడిగితే మీకు వచ్చే జాబితాలో సర్పంచి, మాజీ సర్పంచి, రేషన్ డీలరు, ఇద్దరు ముగ్గురు కాంట్రాక్టర్లు ఉంటారు. వీరిని పూర్తిగా దూరం పెట్టలేరు. కానీ వీరు మాత్రమే ఉన్న కమిటీ ముందు ఎస్సీ కాలనీవారు నోరు విప్పరు. డ్వాక్రా సంఘం మహిళ, ఆశా కార్యకర్త, ఆటో డ్రైవరు, బడి పంతులు, మత్స్యకార పాలెమైతే ఆ పాలెం పెద్ద, యానాదుల సంఘం మనిషి, మసీదు కమిటీ నుంచి ఒకరు ఉండేలా చూడండి. కేసులున్నవారిని, ఇసుకలోనో మద్యంలోనో ప్రయోజనం ఉన్నవారిని తీసుకోకండి. సభ్యులకు గుర్తింపు కార్డులు ఇవ్వడంలో చాలా జాగ్రత్త అవసరం. ఆ కార్డు చూపించి టోల్ గేటు దగ్గరా, దుకాణాల దగ్గరా అధికారం చెలాయించే మనిషి ఒక్కడుంటే కమిటీ మొత్తానికి చెడ్డపేరు వస్తుంది. నా మట్టుకు కార్డులు అసలే వద్దంటాను.

సమావేశం స్టేషన్‌లో కాకుండా ఊళ్లో, వంతులవారీగా ఒక్కోసారి ఒక్కో వీధిలో పెట్టండి. మీరు పది నిమిషాలకు మించి మాట్లాడకండి. వచ్చిన సమస్యలను అక్కడికక్కడే రాసుకుని, మీ పరిధిలోనివి ఏవో, పంచాయతీకో విద్యుత్ శాఖకో చెందినవి ఏవో విడదీసి చెప్పండి. తరువాతి సమావేశంలో మొదట చదవవలసింది పోయినసారి రాసుకున్న జాబితానే. వీధి దీపం వెలగలేదని ఒకామె చెబితే, వెలిగిందో లేదో ముందు ఆమెనే అడగండి.

పల్లెనిద్ర

మన రాష్ట్రంలో పల్లెనిద్ర కొత్తదేమీ కాదు. ఊళ్లో ఒక రాత్రి గడపడం, మాట్లాడడం, పొద్దున్నే వెళ్లిపోవడం అందరికీ అలవాటైన పద్ధతి. దానికి విలువ రావాలంటే మూడు జాగ్రత్తలు పాటించండి. ఊరి పెద్ద ఇంట్లో భోజనం చేయకండి, బసకు బడినో సచివాలయాన్నో వాడుకోండి. ముందుగా ప్రచారం చేయకండి. ఇక మూడోది, కూలి పనులకు వెళ్లినవారు ఇల్లు చేరేది మాపటేల కాబట్టి, వంటలు అయ్యాక, రాత్రి ఎనిమిది దాటాక కాలనీ వైపు నడిచి వెళ్లండి. అరుగుల మీద కూర్చునే ఆ వేళలో చెప్పే మాటలు ఏ సదస్సులోనూ బయటికి రావు.

భయపడడానికి పాత కారణాలున్నవారు

నెల్లూరు జిల్లాలో పనిచేసే అధికారికి ఈ చరిత్ర తెలిసి ఉండాలి. బ్రిటిషు ప్రభుత్వం 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్ర వేసింది. దేశమంతటా ఆ ముద్ర పూర్తిగా తొలగింది 1952లో మాత్రమే. నెల్లూరు జిల్లాలోని కప్పరాళ్ళతిప్ప, తరువాత మన ప్రాంతానికీ వర్తించిన ఈ కోవ చట్టాల కింద సెటిల్‌మెంటుగా, అంటే ఆ కులాలవారిని కట్టడిలో ఉంచిన చోటుగా నడిచిన ఊరు. హాజరు వేయించుకోవడానికి పోలీసుల ముందు నిలబడిన తాతల కథలు వింటూ పెరిగిన మనవళ్లు ఈ రోజు మీ పరిధిలో ఉన్నారు. యానాది, ఎరుకల కుటుంబాల్లో పోలీసు జీపు కనిపిస్తే మగవాళ్లు చేలల్లోకి తప్పుకునే అలవాటు ఊరికే రాలేదు.

ఇక్కడ మొదట చేయవలసిన పని సస్పెక్టు షీట్లు, అంటే అనుమానితుల మీద స్టేషన్‌లో ఉంచే రికార్డులు, తెరిచి ఒక్కొక్కటిగా చూడడం. ఏళ్లుగా ఏ కేసూ లేనివి, కులం తప్ప వేరే ఆధారం కనిపించనివి ఉంటే మూసివేతకు పై అధికారులకు రాయండి. దొంగతనం జరిగిన ప్రతిసారీ అదే కాలనీకి వెళ్లి అదే మనుషులను తీసుకురావడం ఆపండి. ఎవరినైనా ప్రశ్నించాల్సి వస్తే నోటీసు ఇచ్చి పిలవండి. మహిళలను, 15 ఏళ్లలోపు, 60 ఏళ్లు పైబడిన పురుషులను సాక్షులుగా విచారించాలంటే మీరే వారి ఇంటికి వెళ్లాలన్నది చట్టం. ఆ కాలనీకి అరెస్టు పని లేకుండా కూడా వెళ్తూ ఉండండి. రొయ్యల చెరువుల దగ్గర కాపలాకో, ఇటుక బట్టీలకో అడ్వాన్సు తీసుకుని కదలలేకుండా చిక్కుకుపోయిన కుటుంబాలు కనిపిస్తే, వెట్టిచాకిరి నిర్మూలన చట్టం 1976 నుంచి ఉందని గుర్తుంచుకుని వెంటనే ఆర్డీవోకు తెలపండి.

ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం కింద వచ్చిన ఫిర్యాదులో ప్రాథమిక విచారణ అవసరం లేదని 18ఎ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. దర్యాప్తు డీఎస్పీ చేయాలి. ఈ రెండు సంగతులూ తెలిసి కూడా ముందు రాజీకి కూర్చోబెట్టే స్టేషన్‌ను కాలనీవారు ఎప్పటికీ తమదిగా భావించరు. 1985లో కారంచేడులో దళితుల ఊచకోత జరిగిన నేల ఇది, అప్పటికి ఆ ఊరు ప్రకాశం జిల్లాలోనే ఉంది.

చెప్పినవారి పేరు బయటపడకూడదు

బెల్టు షాపు గురించి, గంజాయి గురించి ముందుగా తెలిసేది ఆడవాళ్లకు. సారా మీద రాష్ట్రాన్ని కదిలించిన ఉద్యమం నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైంది. రోసమ్మ, ఆమె తోటి మహిళలు 1992లో చూపిన తెగువకు ఫలితంగా 1993లో సారా నిషేధం వచ్చింది. ఆ తెగువ ఇప్పటికీ ఈ ఊళ్లలో ఉంది, దానికి రక్షణ మాత్రం మీరే ఇవ్వాలి. ఒక మహిళ ఫోన్ చేసి ఫలానా ఇంట్లో అమ్ముతున్నారని చెప్పిన అరగంటకే ఆ ఇంటివాడు ఆమె గుమ్మం ముందుకొచ్చి తిట్టాడంటే, పేరు స్టేషన్ నుంచే వెళ్లినట్టు. అలా ఒక్కసారి జరిగితే ఆ వీధి నుంచి మరో ఫోన్ రాదు. సమాచారం నేరుగా మీ నంబరుకే వచ్చే ఏర్పాటు చేయండి, డైరీలో పేరు రాయకండి, దాడికి వెళ్లే సిబ్బందికి కూడా ఎవరు చెప్పారో చెప్పకండి. స్థానికంగా చెప్పడానికి జంకేవారికి మత్తు పదార్థాల సమాచారం కోసం 1972 నంబరును, అత్యవసరానికి 112ను, మహిళలకు 2025 మార్చి 8న మార్కాపురంలో ప్రారంభమైన శక్తి యాప్‌ను పరిచయం చేయండి. డబ్బు పోయిన సైబర్ మోసాల్లో ఆలస్యమైన ప్రతి గంటా నష్టమే కాబట్టి, బాధితుడు మీ ముందు కూర్చుని ఉండగానే 1930కి ఫోన్ చేయించండి.

కమిటీ సభ్యులను వేగులుగా వాడుకోవాలన్న ఆలోచనకు లొంగకండి. ఊరి గురించి మాట్లాడడానికి వచ్చినవారిని ఇరుగుపొరుగు మీద నిఘాకు పెడితే, రెండూ చెడతాయి.

పండుగలు, బందోబస్తులు

నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు గట్టున లక్షల మంది చేరతారు. తిరునాళ్లు, కొలుపులు, గ్రామోత్సవాలు మీ పరిధిలోనూ ఉంటాయి. జనానికి పోలీసులు అతి దగ్గరగా కనిపించేది ఈ రోజుల్లోనే. తప్పిపోయిన పిల్లల కౌంటరులో, వృద్ధులకు దారి చూపేచోట స్థానిక యువతను మీ సిబ్బంది పక్కన నిలబెట్టండి. లాఠీ మాత్రం వారి చేతికి ఇవ్వకండి.

మీ సిబ్బంది

పన్నెండు గంటలు నిలబడి వచ్చిన కానిస్టేబుల్‌కు మర్యాద గురించి ఉపన్యాసం ఇచ్చి లాభం లేదు. మీరు అతన్ని ఎలా పిలుస్తారో అతను జనాన్ని అలాగే పిలుస్తాడు. హోంగార్డును “ఏరా” అనే ఎస్సై దగ్గర ముసలి రైతుకు “మీరు” అన్న పిలుపు దొరకదు. వారాంతపు సెలవు ఇవ్వగలిగినంత ఇవ్వండి, డ్యూటీ చార్టు అందరికీ కనిపించేలా పెట్టండి. ఎవరైనా డబ్బు అడిగినట్టు తెలిస్తే నిజానిజాలు తేల్చి చర్య తీసుకోండి, ఆ చర్య తీసుకున్నట్టు ఫిర్యాదు చేసిన మనిషికి కూడా చెప్పండి. ఎఫ్ఐఆర్ నమోదు చేయకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా చెప్పుకునే హక్కు ఉందని, సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లవచ్చని మీ గోడ మీదే రాయించండి. తన మీద ఎవరికి ఫిర్యాదు చేయాలో తానే చెప్పే స్టేషన్ జనానికి కొత్తగా కనిపిస్తుంది.

పని జరుగుతోందని ఎలా తెలుస్తుంది

ఆరు నెలల తరువాత మీ స్టేషన్‌లో ఫిర్యాదుల సంఖ్య పెరిగితే కంగారు పడకండి. అంతకుముందు ఇళ్లల్లో అణిగిపోయినవి, పెద్దమనుషుల దగ్గర తెగిపోయినవి ఇప్పుడు మీ దాకా వస్తున్నాయి. ఈ సంగతిని మీ సీఐకి, డీఎస్పీకి ముందుగానే వివరించి ఉంచండి, లేదంటే నేరాలు పెరిగాయన్న మాట మీ మీద పడుతుంది. అంకెల్లో చూడదగినవి వేరే ఉన్నాయి. ఎవరూ వెంట లేకుండా ఒంటరిగా వచ్చినవారు ఎందరు, వారిలో మహిళలు ఎందరు, ఏ కాలనీ నుంచి ఇప్పటికీ ఒక్క ఫిర్యాదూ రాలేదు అన్నవి నెలకోసారి లెక్క చూడండి. ఒక్క ఫిర్యాదూ లేని కాలనీ ప్రశాంతంగా ఉందని అనుకోవద్దు, ముందుగా అక్కడికే వెళ్లండి.

బదిలీకి ముందు

ఇంత చేశాక ఏడాదికో రెండేళ్లకో మీకు బదిలీ వస్తుంది. ఎస్సై మారగానే మళ్లీ మొదటికి రావడం మన జిల్లాల్లో జనానికి బాగా అనుభవం. దాన్ని ఆపడం పూర్తిగా మీ చేతిలో లేదు, కానీ కొంత ఉంది. ఊరివారీగా పరిచయస్తుల జాబితా, కమిటీ సమావేశాల పుస్తకం, ఫిర్యాదుదారులకు ఫోన్ చేసిన పుస్తకం, మూసివేతకు రాసిన షీట్ల వివరాలు ఒకచోట సిద్ధం చేయండి. సమాచారం ఇచ్చేవారి పేర్లు మాత్రం ఆ కాగితాల్లో ఉండకూడదు. వారు ఒప్పుకుంటేనే కొత్త అధికారికి విడిగా పరిచయం చేయండి. వీలైతే ఒక సాయంత్రం కొత్త ఎస్సైని వెంటబెట్టుకుని, అన్ని ఊళ్లకూ వెళ్లలేకపోయినా, మిమ్మల్ని నమ్మడానికి అందరికంటే ఎక్కువ కాలం పట్టిన కాలనీకి తప్పకుండా వెళ్లండి. ఇంకా జవాబు అందని ఫిర్యాదుదారుల పేర్లు ఆయన చేతికిచ్చి, ఏ తేదీకల్లా ఎవరికి ఫోన్ చేస్తామని మాట ఇచ్చారో ఒక్కొక్కటిగా చెప్పండి.